కారం లేని క్యాంపు

ఇంత దరిద్రపు క్యాంపు గురించి మార్కండేయులు ఎక్కడా వినలేదు, చూడలేదు.

క్యాంపంటే ఎలా ఉండాలి? మున్సిపల్ చైర్మన్ ఎన్నిక ముందు, గెలిచిన మెంబర్లని అవతలివాళ్ళు ఎగరేసుకుపోకుండా దాచిపెట్టే చోటది. సముద్రం పక్కన రిసార్టు ఉండాలి. రొయ్యల వేపుడు, పేకాట, ఈతకొలను ఉండాలి. పోయినసారి వెళ్ళొచ్చిన లేడీ మెంబర్ల మొగుళ్ళు ఏడాదిపాటు ఆ కబుర్లే చెప్పుకున్నారు. తన భార్య సామ్రాజ్యం కౌన్సిలర్‌గా గెలిచిన రోజే అతను కొత్త బెర్ముడాలు కొనిపెట్టుకున్నాడు.

తీరా చూస్తే ఇది. చిలకలూరిపేట దాటి లోపలికి పోయే రోడ్డులో, మిరపచేల మధ్య ఓ మూడంతస్తుల లాడ్జి. కిటికీ తెరిస్తే పక్క కల్లంలో ఆరబోసిన కాయల ఘాటుకి తుమ్ములు. మూస్తే ఉక్క. టీవీలో వచ్చేది భక్తి చానెల్ ఒక్కటే. పైగా మిరపకాయల మధ్య కూర్చోబెట్టి కూరలో కారమన్నదే లేకుండా పెట్టారు.

"మంచి హోటల్ చూడ్డం కూడా చేతగానివాళ్ళు రేపు ఊరినేం నడుపుతారే?" అన్నాడు.

సామ్రాజ్యం మంచం మీద హాయిగా కాళ్ళు చాపుకుంది. "నాకు బాగానే ఉందండీ. వండే పని లేదు."

ఆమె ఇండిపెండెంటు. చైర్మన్ కుర్చీకి పోటీపడుతున్న మాధవీలతకీ, ఉదయ్ కుమార్‌కీ బలం సరిసమానంగా ఉంది. సామ్రాజ్యం చెయ్యి ఎవరికి లేస్తే కుర్చీ వాళ్ళది. ఆ చేతిని మార్కండేయులు ఎప్పుడో ఉదయ్ కుమార్‌కి మాటిచ్చేశాడు. బదులుగా వైస్ చైర్మన్ పదవి. పేరు భార్యది, పెత్తనం తనది. వార్డులో సంతకం తప్ప మిగతావన్నీ చేసేది తనే కాబట్టి అందులో అతనికి అనుమానమేమీ లేదు. ఉదయ్ కుమార్ పెట్టిన షరతు ఒక్కటే. ఎన్నిక ముందురోజు చీకటి పడేలోగా ఆమెను తన దగ్గరికి చేర్చాలి. లేదంటే ఆ పదవి ఇంకొకరికి.

సరిగ్గా ఆ రోజు పొద్దున్నే వాకిట్లో కారు ఆగింది. మాధవీలత వాళ్ళు క్యాంపుకి రమ్మంటున్నారంటూ సామ్రాజ్యం బ్యాగు సర్దేసింది. రామంటే బేరం బయటపడుతుంది. వెళ్ళాక ఉదయ్ కుమార్‌కి ఒక్క ఫోన్ కొడితే మనుషుల్ని పంపి తీసుకుపోతాడని లెక్కేసుకుని మార్కండేయులు కారెక్కాడు.

లాడ్జిలో కాలు పెట్టగానే ఫోన్లు ఇచ్చెయ్యాలంది సామ్రాజ్యం. తనదీ అతనిదీ కలిపి మేనేజరు మాలిక్ చేతిలో పెట్టింది. క్యాంపుల్లో అది మామూలే. మిగతా మెంబర్లేరని అడిగితే, ఒక్కో జంటనీ ఒక్కో చోట దాచారట అంది. మాధవీలతకి హోటళ్ళు తెలియకపోయినా రాజకీయం తెలుసనుకున్నాడు.

మధ్యాహ్నం గేటు దగ్గరికి నడిచాడు. సిగరెట్లు కావాలన్నాడు. తెచ్చిపెడతానన్నాడు వాచ్‌మన్. కాస్త గాలి పీల్చుకోవాలన్నాడు. వాచ్‌మన్ కుర్చీ వేశాడు, గేటుకి లోపలివైపే. మార్కండేయులికి ఒళ్ళు మండింది.

"నేనెవరో తెలుసా నీకు? రేపీపాటికి వైస్ చైర్మన్ని."

"అలాగే సార్. మీరే చైర్మన్ సార్. ఎండలో తిరక్కండి, మజ్జిగ తెస్తా."

ఇంత మర్యాదగా వెటకారం చేసేవాణ్ణి అతను ఇంతకుముందు చూడలేదు.

పొద్దు వాలుతుండగా వెనకవైపు ప్రహరీగోడ ఎక్కి కల్లంలోకి దూకాడు. కాయల్లో మోకాళ్ళదాకా దిగబడ్డాడు. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న లాల్‌బీ అనే ముసలావిడ అదిరిపడింది. ఒక్క ఫోన్ చేసుకుని ఇచ్చేస్తానని బతిమాలాడు. ఆమె బొడ్లోంచి ఫోన్ తీసింది కూడా. ఇంతలో మాలిక్ పరిగెత్తుకొచ్చి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. లాల్‌బీ మార్కండేయులి వంక జాలిగా చూసి, ఫోన్ మళ్ళీ బొడ్లో దోపుకుంది.

చెమట పట్టిన మొహాన్ని అతను కాయల కారం అంటిన చేతుల్తోనే తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ పట్టుకోవాల్సిన పని లేకపోయింది. కళ్ళు మూసుకుని కేకలు పెడుతున్నవాణ్ణి మాలిక్, వాచ్‌మన్ చెరో రెక్కా పట్టుకుని నెమ్మదిగా నడిపించుకొచ్చారు.

సామ్రాజ్యం చన్నీళ్ళతో అతని కళ్ళు కడిగింది. బయట చీకటి పడిపోయింది.

"పదవి పోయిందే," అన్నాడు మార్కండేయులు.

ఆమె తువ్వాలు పిండుతూ, "ఎవరికి చెయ్యెత్తుతావని నన్ను ఒక్కరూ అడగలేదండీ," అంది.

"నిన్నడిగేదేముంది?" అన్నాడతను కళ్ళు తెరవకుండానే.

తెల్లారింది. కారు వచ్చింది. సామ్రాజ్యం మంగళగిరి చీర కట్టుకుని మెట్లు దిగింది. వెంట రాబోయిన మార్కండేయుల్ని మాలిక్ ఆపాడు. మేడమ్ గారొక్కరే వెళ్ళాలన్నాడు. నిజమే, హాల్లోకి మొగుళ్ళని రానివ్వరు. అతను కారు కిటికీలోకి వంగి, ఇప్పటికైనా మించిపోలేదు, చెయ్యి ఉదయ్ కుమార్‌కే ఎత్తమని గుసగుసలాడాడు. టిఫిన్ చల్లారిపోతుంది, తినండని చెప్పి ఆమె అద్దం ఎత్తేసింది.

మధ్యాహ్నమైంది. ఈపాటికి ఎన్నిక అయిపోయి ఉంటుంది. ఇంక తనను కట్టిపడేసి ఎవరికేం లాభం? మార్కండేయులు నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళి, మీ పార్టీ పెద్దలకి ఫోన్ చేసి తనను వదిలిపెట్టమని అడగమన్నాడు.

మాలిక్ అతని భుజం మీద చెయ్యి వేసి, పసివాడికి చెప్పినట్టు చెప్పాడు: "ఏ పార్టీ సార్, రూము తీసుకుంది మేడమ్ గారే, మీకు ఎలక్షన్ పిచ్చి తగ్గేదాకా ఫోన్ ఇవ్వొద్దనీ గేటు దాటనివ్వొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడట కదా."