కంగారుగారి నిబ్బరం

సర్వర్ కూలిపోయిందన్న కబురు వచ్చేసరికి కంగారుగారు టీ తాగుతున్నారు. కప్పు వదిలేసి పరుగెత్తుతారని అందరూ అనుకున్నారు. ఆయన మిగిలిన రెండు గుక్కలూ తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడు లేచారు.

ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. కంప్యూటర్లన్నీ చూసుకునేది ఆయనే అయినా, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటేనే ముచ్చెమటలు పట్టే మనిషి మరి. ఆ సంగతి ఆయనా దాచుకోరు. "మా ఇంట్లో బల్లి నన్ను చూసి తప్పుకోదండీ, నేనే దానికి దారిస్తాను" అని తనే చెప్పి నవ్విస్తారు.

అలాంటి మనిషి నాలుగు రోజులుగా గురకపెట్టి మరీ నిద్రపోతున్నారు. ఆదివారం హెడ్డాఫీసులో పనిచేసే బావమరిది భోజనానికి వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ ఇదే వరస. "మా తమ్ముడు మీకేం మంత్రం వేశాడండీ?" అని భార్య అడిగింది కూడా. "ఎంత పిరికివాడికైనా ఎప్పుడో ఒకప్పుడు ధైర్యం రావాలి కదే" అని ఆయన మాట దాటేశారు.

కూలింది మామూలు సర్వర్ కాదు, పరీక్షల విభాగంలో మార్కుల సర్వర్. తెల్లారితే ఫలితాలు. కరెంటు పోయి వచ్చి, వచ్చి పోయి, పెట్టెలో ఏదో టప్పుమంది. కాలిన ముక్క మార్చి మళ్ళీ లేపారు గానీ డేటాబేస్ తెరుచుకోలేదు. పిల్లలందరి మార్కులూ అందులోనే ఇరుక్కుపోయాయి.

గదిలో కంట్రోలర్ గారు రుమాలు పిండుకుంటున్నారు. నెల్లాళ్ళు కూర్చుని ఆ మార్కులన్నీ ఎక్కించిన ఆపరేటర్ అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

కంగారుగారు వస్తూనే ముక్కు ఎగబీల్చారు.

"ఆహా! కాలిన వాసన కూడా వస్తోందే. భేష్!"

కంట్రోలరూ ఆ అమ్మాయీ మొహమొహాలు చూసుకున్నారు. పాపం, మనిషికి మతి చలించిందనుకున్నారు.

"ఏడ్చింది చాలమ్మా. చాలా బాగా ఏడ్చావు. ఇంక కళ్ళు తుడుచుకుని కాసిని మంచినీళ్ళు తాగు" అన్నారాయన.

వెటకారం చేస్తున్నారనుకుని ఆ అమ్మాయి ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆయన మెచ్చుకోలుగా తలూపారు.

"నిన్నటి బ్యాకప్ ఉందా లేదా? అది చెప్పండి ముందు" అన్నారు కంట్రోలర్.

"ఎందుకు లేదు సార్? రోజూ తీస్తూనే ఉన్నాను. తీయడమే గానీ, ఏనాడూ తిరిగి ఎక్కించి చూసిన పాపాన పోలేదు. అది ఎక్కుతుందో లేదో నాకూ తెలీదు. చూద్దాం, సరదాగా ఉంటుంది."

కంట్రోలర్ దొరికిన కుర్చీలో కూలబడ్డారు. "సర్వర్ కంపెనీవాళ్ళు పాత డిస్కు జోలికి వెళ్ళొద్దన్నారయ్యా. వారం టైమిస్తే అందులోంచి ఎంతోకొంత బయటికి తీస్తారట. బ్యాకప్ ఎక్కించడానికి వేరే డిస్కు సాయంత్రానికి పంపుతామన్నారు."

"సాయంత్రం దాకా ఎవరు కూర్చుంటారు సార్? ఉన్నదాన్ని చెరిపేసి దానిమీదే ఎక్కించేద్దాం."

"చెరిపేశాక బ్యాకప్ ఎక్కకపోతే? పిల్లల గతేం కాను?"

"ఎక్కకపోతే ఏముంది, అందరం ఓసారి నవ్వుకుని ఇళ్ళకెళ్తాం" అంటూ ఆయన కూనిరాగం తీస్తూ మీట నొక్కేశారు. ఆపరేటర్ అమ్మాయి "అయ్యో!" అని కళ్ళు మూసుకుంది. డిస్కు శుభ్రంగా ఖాళీ అయిపోయింది.

బ్యాకప్ ఎక్కడం మొదలైంది. కాస్త ముందుకెళ్ళి ఆగింది. తెరనిండా ఎర్ర అక్షరాలు. ఇంకో రోజైతే ఆయన కుర్చీతో సహా వెనక్కి పడిపోయేవారు. ఇవాళ కళ్ళజోడు తుడుచుకుని మెల్లగా చదివారు. చిత్రం, మెల్లగా చదివితే అర్థమవుతున్నాయి! ఇన్నేళ్ళూ ఎర్రరంగు కనబడగానే కళ్ళు మూసుకున్నందుకు తనలో తనే నవ్వుకున్నారు. ఫైలు ఉన్నచోటు ఒకటి, తాను చెప్పిన చోటు ఇంకొకటి. అంతే. సరిదిద్దారు.

మార్కులు వచ్చేశాయి. ఆపరేటర్ అమ్మాయి దిద్దిన పేపర్ల కట్టలు తెప్పించి, అక్కడొకటీ ఇక్కడొకటీ తీసి సరిచూసింది. ఒక్క అంకె తేడా లేదు. ఈసారి సంతోషం పట్టలేక ఏడ్చింది.

కంట్రోలర్ లేచి ఆయన్ని గట్టిగా వాటేసుకున్నారు. "ఇంత గుండె దిటవున్న మనిషినా మేం కంగారు, కంగారు అని పిలిచింది! క్షమించవయ్యా."

"నాదేముంది సార్. మీరందరూ కూడా చాలా బాగా చేశారు. మీకు పట్టిన ఆ చెమటైతే, అబ్బో!" అన్నారు కంగారుగారు. ఆ వినయానికి కంట్రోలర్ కళ్ళు చెమర్చాయి.

ఇంటికొచ్చి దిండుకు చేరగిలబడి జరిగిందంతా భార్యకు చెప్పారు. అక్కడక్కడా ఇంకొంచెం కలిపి మరీ చెప్పారు. "ఇన్నాళ్ళూ నన్ను నేనే తక్కువగా లెక్కేసుకున్నానే. రేపట్నుంచి బల్లే నాకు దారివ్వాలి."

"ఇస్తుంది లెండి, పాపం" అని నవ్వుతూ ఆవిడ కడగడానికి క్యారేజీ తీసింది. సంచి అడుగున ఫోను ఉంది. పరీక్షల విభాగంలోకి ఫోన్లు పట్టుకెళ్ళనివ్వరు. రోజూ గేటు దగ్గరే ఆపేసి అప్పగిస్తారు. తిరిగి తీసుకున్నాక ఆన్ చేయడం ఆయనకు అలవాటే లేదు. ఆవిడే ఆన్ చేసింది. వెంటనే టింగుమంది.

"మా తమ్ముడండీ, పొద్దుననగా పెట్టాడు" అంటూ ఆవిడ పైకి చదివింది. "బావా, మీవాళ్ళు ఏపాటి సిద్ధంగా ఉన్నారో చూడ్డానికి ఇవాళ మీ సర్వర్‌ని ఉత్తుత్తిగా పడగొడతారని ఆదివారం చెప్పాను కదా, రేపు ఫలితాలున్నాయని దాన్ని వచ్చే వారానికి వాయిదా వేశారు."