రాజు వెనుక వైపు

బోధన్‌ల రిటైరైన లెక్కల సారు దేవిదాస్, పోస్టుల వచ్చిన రోమన్ వెండి నాణేన్ని భూతద్దంల చూసుకుంట నోట్‌బుక్కుల రాస్తున్నడు.

‘ముందు వైపు: రాజు తల. వెనుక వైపు: నిలబడ్డ దేవత. లోపం: రాజు గడ్డం కింద రంధ్రం.’

“ఎవడో తెలివితక్కువోడు పొడిచిండు. రేపే వాపస్ పంపుత,” అన్నడు.

పక్కన జాకెట్టుకు హుక్కులు కుడుతున్న ఆయన భార్య రాధాబాయి నవ్వింది. “ఒక్కసారి గిటియ్యుండ్రి సారూ.”

సూదిని ఆ రంధ్రంలకెల్లి దూర్చి, దారం పట్టుకొని నాణేన్ని పైకెత్తింది. రాజు తలకిందులుగ వేలాడిండు. అవతలి వైపు దేవత మాత్రం నిటారుగ నిలబడ్డది.

“పొడిచినోడు సక్కగనే పొడిచిండు. గిది ఎవలో ఆడామె మెడలేసుకున్నది. ఆమెకు ముందు వైపు ఏదో సూడుండ్రి. మీరే ఉల్టా రాసిండ్రు.”

దేవిదాస్ ‘లోపం’ కొట్టేసిండు. ‘ముందు వైపు: దేవత. వెనుక వైపు: రాజు, తలకిందులుగ’ అని దిద్దుకొని చెయ్యి చాపిండు.

“ఇటియ్యి, డబ్బాల పెడత.”

రాధాబాయి అప్పటికే దారం పొడుగ్గ తెంపి, మెడ వెనక ముడేసుకుంటున్నది.

“ఇప్పుడున్న చోటు గూడ రాసుకోండ్రి సారూ,” అన్నది.