ఎదురుగల్లీ ముచ్చట

"రికార్డు అయితుందా బిడ్డా?"

"అయితుంది పెద్దమ్మా, చెప్పు," అంది డోర్కాస్.

కావడం లేదు. ఎర్ర బటన్ ఆమె నొక్కనే లేదు.

ఫోన్‌లో జాగా అయిపోవచ్చింది. మిగిలిన కాస్తా మల్లేశ్వర్ కోసం దాచిపెట్టింది. పోచమ్మ గల్లీ పెద్దమనిషి ఆయన. రెండేళ్ల తర్వాత ఇవాళే డోర్కాస్ వాళ్ల చర్చి గల్లీలో కాలు పెడతానన్నాడు. ఆయన వచ్చే వేళకు ఈ పెద్దమ్మ ఎక్కడి నుంచో ఊడిపడింది. ఊరడిగితే కందుకూరు దిక్కు అంది. అంతకుమించి చెప్పలేదు. పొమ్మనడానికి డోర్కాస్‌కు నోరు రాలేదు. అందుకని ఫోన్ ఊరికే ఎత్తి పట్టుకుంది.

శంషాబాద్‌లో ఆ రెండు గల్లీల మధ్య ఉన్నది ఒక్క సిమెంటు రోడ్డే. రెండేళ్ల కింద మాత్రం మాటలు ఆగిపోయాయి.

డోర్కాస్ అన్న బ్లెసన్ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపేవాడు. ఒకనాడు వానలో మల్లేశ్వర్ మేనల్లుడు చందు బండి జారి, వచ్చి బ్లెసన్ కారుకు తగిలింది. చందు బతకలేదు. ఎవరో తీసిన వీడియో ముక్క తెల్లారేసరికి అందరి ఫోన్లలో తిరిగింది. అందులో బ్లెసన్ కారు వదిలేసి పరుగెత్తుతున్నాడు. "గుద్ది ఉరుకుతున్నడు సూడుండ్రి" అని కింద రాత.

కేసు కొట్టేశారు. ఆ మాట మాత్రం పోలేదు.

తాను నీళ్ల కోసం ఉరికానని బ్లెసన్ ఒట్లు పెట్టుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. కాటేదాన్‌లో ఏదో కార్ఖానాలో పని చూసుకుని అక్కడే కిరాయికి ఉంటున్నాడు. తల్లి ఎస్తేరమ్మ క్రిస్మస్‌కు కూడా కొడుకు లేకుండానే అన్నం తింటోంది.

చెడగొట్టింది వీడియోనే కదా, వీడియోతోనే బాగుచేస్తానని డోర్కాస్ 'ఎదురుగల్లీ ముచ్చట' అని ఒక పేజీ పెట్టింది. షరతు ఒక్కటే. మన గొప్పలు చెప్పుకోకూడదు. ఎదుటి గల్లీ మనిషి చేసిన మంచి ఒకటి చెప్పాలి.

మొదట నవ్వారు. తర్వాత పోచమ్మ గల్లీ దుర్గవ్వ, తన కోడలి పురుడుకు ఎస్తేరమ్మ ఆటో పిలుచుకొచ్చిన ముచ్చట చెప్పింది. చర్చి గల్లీ ఏలియా, గాలివానకు తన ఇంటి రేకులు లేచిపోతే ఎదుటి గల్లీ పిల్లలు వెతికి మోసుకొచ్చిన ముచ్చట చెప్పాడు. చూడగా చూడగా జనం మెత్తబడ్డారు. మల్లేశ్వర్ ఒక్కడే మిగిలాడు. ఆయన ఊఁ అంటే బ్లెసన్ ఇల్లు చేరతాడు.

"ఒక్కపారే చెప్త బిడ్డా. మల్ల చెప్పుమంటె నా పానం తట్టుకోదు," అంది పెద్దమ్మ.

"సరే పెద్దమ్మా."

ఆమె కొంగు సర్దుకుంది. ఆమె చూపంతా ఫోన్ మీద. డోర్కాస్ చూపంతా గల్లీ మలుపు మీద.

"ఎవల పిల్లగాడో నాకు అప్పుడు ఎరుక లేదు. కాళ్లకు చెప్పుల్లేవు..."

నెత్తి మీద నుంచి విమానం పోయింది. పెద్దమ్మ ఆగింది.

"జర పోనీ. ఆ మోతల నా మాట సక్కగ రాదు గదా."

డోర్కాస్‌కు సిగ్గేసింది. అయినా బటన్ నొక్కలేదు.

మోత తగ్గాక పెద్దమ్మ మళ్లీ అందుకుంది. డోర్కాస్ చెవిన అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క పడ్డాయి. దోసిట్లో నీళ్లు. "అమ్మా, కండ్లు తెరువు" అన్న మాట. ఇంతకూ ఈమె ఎవరు, ఈ ముచ్చట ఎవరిది అని కుతూహలం పుట్టింది. అడుగుదామనుకునేలోపే ఆమె లేచింది.

"అయింది బిడ్డా. బరువు దిగింది."

డోర్కాస్ తల నిమిరి మెటికలు విరిచింది.

"మంచిగ పెట్టు. అందరు సూడాలె."

"పెడ్త పెద్దమ్మా."

కాసేపటికి మల్లేశ్వర్ వచ్చాడు. డోర్కాస్ కుర్చీ తుడిచి వేసింది. ఈసారి ఎర్ర బటన్ నిజంగానే నొక్కింది.

"బందు చెయ్యి బిడ్డా. నాదేమున్నది? ఆమె చెప్పింది సూపియ్యి."

"ఎవలు కాకా?"

"ఇందాక నీ కాడికి వచ్చింది గదా. గిప్పుడే బస్సు ఎక్కించి వస్తున్న. మా గల్లోళ్లంత ఫోన్లు వట్టుకోని గుడి కాడ కూసున్నరు. ఆమె నోటెంట ఆ ముచ్చట వస్తే చాలు. ఇగ నేనే పోయి మీ అన్నను తోలుకొస్త."

డోర్కాస్ రికార్డింగు ఆపింది.

"అది... రికార్డు కాలే కాకా."

మల్లేశ్వర్ ఆమె చేతిలోని ఫోన్ తీసుకుని చూశాడు.

"నేను విన్న గదా కాకా, నేను చెప్త. నీళ్లు, దోసిలి..."

"నువ్వు చెప్తె నమ్ముతరా? అన్న కోసం చెల్లె చెప్పిందంటరు."

"అయితే రేపే కందుకూరు పోత. కాళ్లు మొక్కి మల్ల చెప్పిస్త. ఎవలు కాకా ఆమె?"

మల్లేశ్వర్ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"రెండేండ్ల సంది ఆ దినం గురించి మాతోని గూడ నోరు తెరువలే. నీ వీడియోలు సూసి సూసి, చెప్తె ఆ పిల్లకే చెప్త అన్నది," అన్నాడు. "మీ అన్న ఎందుకు ఉరికిండో కండ్లార సూసింది ఆమె ఒక్కతే బిడ్డా, ఆ దినం బండి మీద చందు ఎనక కూసున్నది వాని తల్లే."