దీపాలోడి పెళ్లాం

తలుపు మీద బొగ్గుతో ఎవరో రాశారు. పోయినేడే అక్షరాలు నేర్చుకున్న దాలమ్మ కూడబలుక్కుని చదివింది: 'దీపాలోడి పెళ్లాం'.

చెంగుతో తుడవబోతుంటే బ్లాకవుట్ వార్డెన్ గోవిందరావు నలుగుర్ని వెంటేసుకుని వచ్చాడు. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలై మూడు రోజులైంది. పూరీ గేట్ బస్తీలో వెలుతురు బయటపడకుండా కిటికీలన్నిటికీ నల్లకాగితాలు అంటించారు.

"లాంతరు, అగ్గిపెట్టి ఇలాగిచ్చీ. యుద్ధం అయ్యీదాకా ఈ ఇళ్ల లైన్లో ఉండకు" అన్నాడు గోవిందరావు.

"నానేటి సేసినాను బాబూ? సచ్చిపోయినోడి పేరు మీదయినా ఇరవయ్యెనిమిదేళ్లగా దీపం ఎట్టనేదు."

"నీ మొగుడు ఎట్టినాడు కదా, సాల్దేటి?" అంది పక్కింటి చిలకమ్మ. "ఊరంతా దీపాలార్పుకుని వణుకుతుంటే జపానోడికి దారి సూపినాడు. ఆ బాంబుకే పోనాడు. దేవుడున్నాడు."

ఆ మాట అబద్ధమని దాలమ్మకే నమ్మకం లేదు. బుట్టలూ తడికలూ అల్లుకునే మొగుడు తవిటయ్యను జపాను యుద్ధంలో మిలిటరీ వాళ్లు అడవిలోని ఏరోడ్రోంలో పనికి పెట్టుకున్నారు. గాలివాన కొట్టిన మర్నాడల్లా కత్తీ వెదురుబద్దలూ పట్టుకుని పరుగెత్తేవాడు. ఏం పనని అడిగితే, "సెప్పకూడదని ఏలిముద్ర ఏయించుకున్నారే" అనేవాడు. బాంబు పడ్డాక అతని శవం దొరికింది. గుప్పిట్లో అగ్గిపెట్టె ఉంది.

"ఎలిగించినాడని ఒవులు సూసినారు?" అంది దాలమ్మ.

"సూసినాయన్నే తెచ్చినాను." గోవిందరావు వెనక్కి తిరిగాడు. "విల్‌ఫ్రెడ్ సారూ, అప్పుడా ఏరోడ్రోంలో గుమాస్తా మీరే కదా. సెప్పండి."

ముసలి విల్‌ఫ్రెడ్ కర్ర ఊతంగా ముందుకొచ్చాడు. తలుపు మీది రాతను చాలాసేపు చూశాడు.

"వెలిగించాడు. కిరసనాయిలు నేనే కొలిచి ఇచ్చాను."

"సైరన్ మోగినాకేనా?"

"మోగాకే. ముందు వెలిగిస్తే ఏం లాభం?"

"ఇన్నారా?" గోవిందరావు అందరి మొహాలూ చూశాడు. "ఇంకేటి కావాల?"

దాలమ్మ లాంతరు తెచ్చి గడప మీద పెట్టింది. మూట కట్టుకోవడానికి లోపలికి తిరిగింది.

"ఆగమ్మా" అన్నాడు విల్‌ఫ్రెడ్. "చెప్పకూడదని నేనూ సంతకం పెట్టాను. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. గోవిందరావ్, అక్కడ విమానాలన్నీ వెదురు బొమ్మలు."

ఎవరికీ అర్థం కాలేదు. విల్‌ఫ్రెడ్ వంగి లాంతరు తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఊరి మీద పడాల్సిన బాంబు అక్కడ పడాలనే ఆ దీపాలు."