కుడి పక్క బండి

వంతెన ఎక్కగానే ఆ పెద్ద స్కూటరు మళ్ళీ వచ్చి కుడి పక్కన చేరింది.

కేకులావిడకి ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ ఇంట్లో కేకులు చేసి, రోజూ పొద్దున తన చిన్న స్కూటరు మీద వంతెన అవతలి బేకరీకి చేరవేస్తుంది. ఆర్డరు కొత్తది. "ఒక్క కేకు నలిగినా ఇంకొకరిని చూసుకుంటాను" అని బేకరీ యజమాని మొదటి రోజే మొహం మీద చెప్పేశాడు.

చిన్న బండిలో కాళ్ళ దగ్గర జాగా తక్కువ. డబ్బా లోపల పెడితే కాళ్ళు బయటికి, కాళ్ళు లోపల పెడితే డబ్బా బయటికి.

పక్కనున్న పెద్ద బండిలోనో, మూడంతస్తుల కేకుని దర్జాగా కూర్చోబెట్టవచ్చు. అంత జాగానీ ఖాళీగా తిప్పుతోంది ఆ మహాతల్లి!

చక్రాలు పెద్దవి. సీటు సోఫాలా ఉంది. గుంత వచ్చినా ఆ బండి చలించదు. చూసినకొద్దీ కేకులావిడకి కడుపు రగిలేది.

ఇంటికి రాగానే మొగుడి ముందు కూర్చుంది.

"మనమూ పెద్ద బండి కొందాం."

"షోరూములో ఎక్కినప్పుడు నీ కాళ్ళు నేలకి అందక ఊగులాడాయి, మర్చిపోయావా?" అన్నాడు మొగుడు, టీ కలుపుతూ.

"ఎత్తు చెప్పులు వేసుకుంటా."

"మరి బరువో? స్టాండు వెయ్యాలంటే రోజూ నన్ను పిలవాలి. చిన్నదైతే సందుల్లో దూరుతుంది, మెట్ల కింద పడుంటుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది. రోజూ తిరిగేవాళ్ళకి అదే హాయి."

"ఆవిడ తిరగట్లేదూ రోజూ?"

"ఎవరావిడ?"

"ఉందిలే ఒకావిడ. పనీపాటా లేదు. వంతెన పొడుగునా నా పక్కనే వస్తుంది. ముందుకి పోదు, వెనక్కి తగ్గదు. వంతెన దిగగానే ఒకసారి తలూపి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోతుంది. చూపించుకోడానికి కాకపోతే దేనికంటావ్?"

"ఆవిడ సంగతి సరే, గాలి జాగ్రత్త. ఈ కాలంలో ఆ వంతెన మీద మనిషిని ఎత్తి పడేస్తుందట."

"అన్నీ కోతలు. నా డబ్బా మీద కాగితం కూడా కదలదు."

కాగితం నిజంగానే కదిలేది కాదు. కేకు ఇచ్చి మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి గాలి ఎలాగూ పడిపోయేది. పొద్దున మాత్రం పెద్దబండావిడ కోటు టపటపా కొట్టుకుంటూ ఉండేది. అదీ ఒక షోకే అనుకుని కేకులావిడ ఇంకాస్త కుళ్ళుకునేది.

ఒకరోజు ఇక పట్టలేకపోయింది. వంతెన దిగగానే పెద్ద బండికి తన బండి అడ్డం పెట్టింది.

"ఏమండీ, మీ బండి పెద్దదని నాకు తెలీదనుకున్నారా? రోజూ పక్కకొచ్చి చూపించాలా?"

పెద్దబండావిడ హెల్మెట్ అద్దం పైకెత్తింది. చెవుల పక్కన జుట్టు నెరిసి ఉంది.

"అది కాదమ్మా..."

"ఏది కాదు? నా దారిన నన్ను పోనివ్వండి. మీ షికార్లు ఇంకెవరి పక్కనైనా చేసుకోండి."

ఆవిడ కేకు డబ్బా వైపు చూసింది. చిన్న బండి చక్రాల వైపు చూసింది.

"సరేనమ్మా, ఇక రాను. వంతెన మీద మాత్రం మెల్లగా వెళ్ళు."

"ఆ జాగ్రత్తలు మాకూ తెలుసు."

ఆ పూట కేకులావిడ కడుపు చల్లబడింది.

మర్నాడు కుడి పక్కన ఎవరూ లేరు. వంతెనంతా తన సొంతమైనట్టుంది. హుషారుగా ఒక పాట కూడా అందుకుంది.

పాట సగంలో ఉండగా డబ్బా మీద కాగితం రెపరెపలాడి ఎగిరిపోయింది. వంతెన ఇక అయిపోవస్తోందనగా కుడి వైపు నుంచి గాలి విరుచుకుపడింది. హ్యాండిల్ దానంతటదే ఎడమకి తిరిగిపోయింది. బండి ఒక పక్క, ఆవిడ ఒక పక్క. కేకు రోడ్డుకి అతుక్కుపోయింది.

వంతెన చివర పంపుహౌసులో పనిచేసే ఆపరేటరు పరుగెత్తుకొచ్చి లేపాడు. దెబ్బ మోచేతికే తగిలింది. ఆవిడ మాత్రం కేకునే చూస్తోంది. ఆర్డరు పోయినట్టే.

"ఇవాళ అక్కగారు లేరుగా, అనుకుంటూనే ఉన్నానమ్మా, ఇలా అవుతుందని."

"ఏ అక్కగారు?"

"అదే, మీకు గాలి తగలకుండా కుడి పక్కన వచ్చేవారే, పెద్ద బండి మీద."

కేకులావిడ ఖాళీగా ఉన్న వంతెన కేసి తిరిగి చూసింది.

"ఆవిడకి ఇటు వైపు... పనేమీ లేదా?"

"ఇటేం పని? మిమ్మల్ని దాటించి వెనక్కి వెళ్ళిపోయేవారు. అంతకు ముందు ఒక నర్సమ్మని దాటించారు. గాలికాలంలో చిన్న బండి కనబడితే చాలు, పక్కకి చేరిపోతారు."

"ఆవిడిల్లెక్కడ? నేను వెళ్ళి మాట్లాడాలి."

"నేనెప్పుడూ అడగలేదమ్మా. నిన్న ఇక్కడ ఆగి, తను పక్కనుంటే ఎవరికో ఇబ్బందిగా ఉందట, ఇక ఇటు రానని చెప్పి వెళ్ళారు."

కేకులావిడ సిగ్గుతో తల దించుకుంది. మోచేతి మంట కూడా తెలియలేదు.

ఆపరేటరు చిన్న స్కూటరుని లేపి, స్టాండు వేసి, దాని అద్దం సరిచేశాడు.

"మొదట్లో ఆవిడకీ ఇలాంటి చిన్న బండే ఉండేది. వెనక చెల్లెల్ని ఎక్కించుకుని పనికి వెళ్ళేవారు. ఇక్కడే పడ్డారు, ఇదే గాలికి. అక్కగారిని నేనే లేపాను. చెల్లెలు లేవలేదు."

అతను కుడి వైపు నీళ్ళకేసి చూసి, మెల్లగా అన్నాడు.

"ఆ పెద్ద బండి ఆ తర్వాత కొన్నదేనమ్మా, గాలికి అడ్డంగా నిలబడుతుందని."