మూడక్షరాలు, రెండు మూతులు

అత్తగారు డబ్బా గలగలలాడించి మూడు ఇంగ్లీషు అక్షరాలు బల్ల మీద పరిచింది. జెడ్, బి, కె.

"ఈ మూడూ ఉన్న మాట రాయాలి. ఇవాళ కొత్త రూలు. అనుమానమొస్తే నోరు తెరిచి అర్థం అడగాలి. అడక్కపోతే ఒప్పుకున్నట్టే!"

కోడలు మూతి తిప్పుకుంది. మొగుడి గురకని ఫోన్లో రికార్డు చేసి ఆడపడుచులకి పంపినప్పటి నుంచీ మొగుడూ పెళ్ళాలిద్దరికీ మాటల్లేవు. రోజూ ఆడే ఆట మాత్రం మానలేదు.

మొగుడు పలక మీద "జుబాక్" అని రాశాడు.

అడిగితే తను ముందు మాట్లాడినట్టు. కోడలు పళ్ళు బిగబట్టింది.

"పాయింటు అబ్బాయికి," అంది అత్తగారు.

తర్వాత "బజ్‌కూ". ఆ తర్వాత "కిజ్‌బుల్".

గడియారాలు బాగుచేసే మనిషికి ఇంత ఇంగ్లీషు ఎలా వచ్చిందా అని కోడలు తలెత్తింది. అతను పలక చూడటంలేదు. ఆమె నోరు ఎప్పుడు విప్పుతుందా అని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నాడు.

ఓహో, ఇదా సంగతి!

ఆమె పలక లాక్కుని, ఈ చివర నుంచి ఆ చివరకి "గుర్రుబజ్‌కిజింగ్" అని రాసింది.

అతను ఉండబట్టలేకపోయాడు. "అంటే ఏంటే?"

"మొగుడు గురక పెట్టకపోతే పెళ్ళానికి నిద్రపట్టని జబ్బు."

అత్తగారు చటుక్కున లేచి, తన గదిలోంచి కొడుకు పరుపు ఈడ్చుకొచ్చి కోడలి ముందు పడేసింది.

"ఆ జబ్బు నాకు లేదు తల్లీ. తీసుకుపో!"