దొరికిన చోటు

"అత్తయ్యా, ఆ తడిగుడ్డ అవతల పెట్టండి! ఒక్క చీమని కూడా తుడిచెయ్యకండి."

హాల్లో నా మైక్రోస్కోపు కింద ఆవగింజలో సగం కూడా లేని పసుపుపచ్చ చీమ. నడుముకి రెండు కణుపులు, మీసాల చివర చిన్న గదల్లాంటి బుడిపెలు. ఇంతవరకూ ఎవరూ వర్ణించని చీమ, కొత్త జాతి! చీమల కోసం ఎల్లుండి అడవికి బయలుదేరి ఏడాదిపాటు అక్కడే ఉండాల్సిన నాకు, మా పంచదార డబ్బా వెనకే దొరికింది.

నమూనా సీసాకి అంటించే చీటీ మీద, దొరికిన చోటు "మా వంటిల్లు" అని రాశాను.

అత్తగారు తొంగి చూశారు. "ఓసి నీ దుంపతెగ! నా వంటింట్లో చీమలున్నాయని లోకమంతా టముకు వేస్తావా? పెరట్లో దొరికిందని రాయవే."

"అబద్ధం రాస్తే నా పరువు పోతుంది."

"మరి నా పరువో?"

"ఈ చీమలు ఎలా బతుకుతాయో ఇక్కడే కూర్చుని చూడాలి. అడవి ప్రయాణం మానేస్తున్నా."

"నీ ఇష్టం, నా ఖర్మ," అని మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

మంచినీళ్ల కోసం నేనూ వెనకే వెళ్లి, గుమ్మంలో ఆగిపోయాను. అత్తగారు డబ్బా వెనక చిటికెడు పంచదార చల్లుతున్నారు.

"ఎర్రవాటిని తెచ్చి వదిలాను, నల్లవాటిని తెచ్చి వదిలాను. అది కన్నెత్తి చూడలేదు. పార్కు బెంచీ కిందనుంచి మట్టితో సహా ఎత్తుకొచ్చిన మీరే నా కోడల్ని ఆపారు తల్లుల్లారా!"

చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి, చీటీ మీద వంటిల్లు కొట్టేసి "వీధి చివర పార్కు, బెంచీ కింద" అని రాశాను.

తర్వాత, సర్దిన పెట్టె విప్పి బట్టలన్నీ మళ్లీ బీరువాలో పెట్టేశాను.